ఐదు వేల డాలర్ల ట్రైనింగా, కమ్యూనిటీ కాలేజీలో ఆన్‌లైన్ క్లాసులా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం, గత మార్చిలో న్యూజెర్సీ నుంచి మారాం. మావారిది హెచ్1బి వర్క్ వీసా, జీతం ఏడాదికి లక్షా 45 వేల డాలర్లు. నాది ఆయన మీద ఆధారపడ్డ హెచ్4 వీసా, ఈమధ్యే ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి వచ్చింది. గుంటూరులో బీకాం చేశాను, ఏడేళ్లు గ్యాప్ ఉంది, మూడేళ్ల పాప ఉంది. ఓ ట్రైనింగ్ వాళ్లు ఐదు వేల డాలర్లు కడితే మూడు నెలల్లో అకౌంటింగ్ నేర్పి ఉద్యోగం ఇప్పిస్తాం, రెజ్యూమె కూడా మేమే చూసుకుంటాం అంటున్నారు. సేవింగ్స్ తొమ్మిది వేలే ఉన్నాయి కాబట్టి రిటైర్మెంట్ కోసం కంపెనీ ద్వారా దాచుకునే 401కె ఖాతా మీద లోన్ తీద్దామని మావారి ఆలోచన. నాకేమో జనవరిలో మొదలయ్యే కమ్యూనిటీ కాలేజీ ఆన్‌లైన్ క్లాసుల్లో చేరాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: కాలేజీకే వెళ్లండి, కానీ జనవరిలో కాదు, ఆగస్టులో. 401కె జోలికి మాత్రం అసలు పోకండి.

ఆగస్టు దాకా ఎందుకు ఆగమంటున్నానో ముందు చెప్తాను, ఎక్కువ డబ్బు పోయేది అక్కడే. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో రాష్ట్ర రెసిడెంట్లకు ఫీజు యూనిట్‌కు (క్లాసు ఎంత పెద్దదో చెప్పే కొలత) 46 డాలర్లు, 2012 నుంచీ అంతే. రెసిడెంట్ కాని వాళ్లు ఆ 46 మీద ఇంకో ఫీజు కట్టాలి, అది కాలేజీని బట్టి మారుతుంది కానీ చాలాచోట్ల యూనిట్‌కు 300 డాలర్లు దాటుతుంది. రెసిడెంట్ అంటే సెమిస్టర్ మొదలయ్యే ముందు రోజుకు మీరు ఈ రాష్ట్రంలో ఏడాది మీద ఒక రోజు ఉండి ఉండాలి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉందని కాగితాలు చూపించాలి. హెచ్4 వాళ్లకు ఈ అవకాశం లేదని వాట్సాప్ గ్రూపుల్లో చెప్తుంటారు, నమ్మకండి, ఉంది. చదువుకోవడానికి స్టూడెంట్ వీసా ఎఫ్1కి మారాల్సిన పని కూడా లేదు. మీరు వచ్చింది మార్చిలో కాబట్టి జనవరికి ఇంకా ఏడాది నిండదు. నాలుగు యూనిట్ల ఫైనాన్షియల్ అకౌంటింగ్ క్లాసు ఒకటి తీసుకున్నారనుకోండి, అదనపు ఫీజు 350 అనుకుంటే జనవరిలో 1,584 డాలర్లు అవుతుంది, అదే క్లాసు ఆగస్టులో 184. పైన హెల్త్ ఫీజులాంటి చిన్నవి ఎప్పుడైనా ఉంటాయి. పాఠం అదే, ఆన్‌లైన్ క్లాసులు నడిచే కాన్వాస్ సైట్‌లో తెరుచుకునే పేజీ కూడా అదే, తేడా అల్లా కొన్ని నెలల ఓపిక.

ఈలోగా కాగితాలు సిద్ధం చేసుకోండి. డ్రైవింగ్ లైసెన్స్ ఇంకా న్యూజెర్సీదే అయితే ఈ వారమే లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసుకు వెళ్లి మార్పించుకోండి. అపార్ట్‌మెంట్ లీజులో మీ పేరుందో లేదో చూసుకోండి. చాలా ఇళ్లలో భర్త పేరొక్కటే ఉంటుంది, కరెంటు బిల్లూ ఆయన పేరు మీదే వస్తుంది, చివరికి భార్య ఈ రాష్ట్రంలో ఉన్నట్టు చూపించడానికి ఒక్క కాగితం ఉండదు. కాలిఫోర్నియా ట్యాక్స్ రిటర్న్ ఇద్దరి పేరు మీదా జాయింట్‌గా వేయండి.

ఇక 401కె లోన్. మామూలు రోజుల్లో దాని వడ్డీ మన ఖాతాకే తిరిగి వస్తుంది కాబట్టి మంచిదే కదా అనిపిస్తుంది. మీవారిది హెచ్1బి, రేపు లేఆఫ్ అయితే ఈ దేశంలో ఉండటానికి ఆయనకు ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు, ఆ 60 రోజుల్లోనే కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి, అద్దె కట్టాలి, అవసరమైతే టికెట్లు కొనాలి. మీ ఈఏడీ కూడా ఆయన స్టేటస్ మీదే నిలబడి ఉంది. ఉద్యోగం పోయాక ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోపు లోన్ బాకీ తీర్చకపోతే దాన్ని విత్‌డ్రాయల్ కింద లెక్కేసి ట్యాక్స్ వేస్తారు, ఆపైన ఫెడరల్ పెనాల్టీ 10 శాతం, కాలిఫోర్నియాది ఇంకో 2.5 శాతం. అప్పు చేసి పప్పు కూడు అంటే ఇదే. తొమ్మిది వేల సేవింగ్స్‌తో మీరున్న బే ఏరియాలో ముగ్గురు మనుషులు ఎన్ని నెలలు నెట్టుకురాగలరో మీ అద్దె రసీదు చూస్తే మీకే తెలుస్తుంది. ఆరు నెలల ఖర్చు చేతిలో పడేదాకా చదువైనా సరే జీతంలోంచే నడవాలి, 184 డాలర్ల క్లాసు అలా నడుస్తుంది, ఐదు వేల ట్రైనింగ్ నడవదు.

ఆ ట్రైనింగ్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. "రెజ్యూమె మేమే చూసుకుంటాం" అంటే ఏమిటో నేరుగా అడగండి. లేని అనుభవం రాస్తామని అర్థమైతే ఫోన్ పెట్టేయండి, ఎందుకంటే రేపు గ్రీన్ కార్డ్ ఫైలులో మీ ఉద్యోగ చరిత్ర రాసి సంతకం పెట్టాల్సింది మీరు, వాళ్లు కాదు. ఏడేళ్ల గ్యాప్ సిగ్గుపడాల్సిన విషయం కాదమ్మా, దాన్ని దాచిపెట్టడానికి డబ్బు కట్టడమే నాకు బాధగా ఉంది.

ఇక టైమ్ సంగతి, ఆన్‌లైన్ కదా తేలికే అనుకుని దెబ్బతినేవాళ్లు చాలామంది. ఇక్కడి లెక్క ప్రకారం ఒక యూనిట్ అంటే సెమిస్టర్ మొత్తానికి కనీసం 48 గంటల పని, క్లాసూ హోంవర్కూ అన్నీ కలిపి. నాలుగు యూనిట్లంటే 192 గంటలు, 16 వారాల క్లాసైతే వారానికి 12 గంటలు. పాప పడుకున్నాక రాత్రి రెండేసి గంటలు, వారంలో ఆరు రోజులు కూర్చుంటే సరిపోతుంది. అదే కోర్సును ఎనిమిది వారాల్లో కూడా పెడతారు, అప్పుడు వారానికి 24 గంటలు. షెడ్యూల్‌లో క్లాసు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ రెండూ చూసి గానీ రిజిస్టర్ చేయకండి. వీలున్నప్పుడు చూసుకునే ఎసింక్రనస్ క్లాసా, ఫలానా టైముకు జూమ్‌లో ఉండాల్సిందేనా అన్నది కూడా అక్కడే రాసి ఉంటుంది. మొదటిసారి ఒక్క క్లాసే తీసుకోండి. మొదటి వారంలో కాన్వాస్‌లోకి లాగిన్ కాకపోతే టీచర్ మీ పేరు తీసేయొచ్చు. వద్దనుకుంటే ఫీజు వెనక్కి వచ్చే గడువు పూర్తి సెమిస్టర్ క్లాసులకు మామూలుగా రెండో వారంతో అయిపోతుంది, ఆ తర్వాత మానేస్తే డబ్బు పోవడంతో పాటు ట్రాన్స్‌క్రిప్ట్‌లో (మార్కుల రికార్డులో) మధ్యలో మానేశారని చెప్పే డబ్ల్యూ పడొచ్చు.

పుస్తకానికి ఫీజుకన్నా ఎక్కువ పెట్టాల్సి రావడం కూడా మామూలే, కాబట్టి జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్ అని గుర్తున్న సెక్షన్లు ముందు వెతకండి. మీ దగ్గరున్న ఓలోనీ కాలేజీలో సీటు దొరక్కపోతే, కాలిఫోర్నియా వర్చువల్ క్యాంపస్ ద్వారా రాష్ట్రంలోని ఇతర కమ్యూనిటీ కాలేజీల ఆన్‌లైన్ క్లాసులు కూడా చూడొచ్చు, ఫ్రీమాంట్‌కే కట్టుబడక్కర్లేదు.

ఫెడరల్ ఆర్థిక సాయం కోసం వేసే ఫాఫ్సా దరఖాస్తు మీద ఆశ పెట్టుకోకండి, హెచ్4 వాళ్లకు ఆ సాయం రాదు. లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ మాత్రం వాడుకోవచ్చు, జాయింట్ ఫైలింగ్‌లో ఆదాయం లక్షా 60 వేల లోపుంటే కట్టిన ఫీజులో 20 శాతం ట్యాక్స్‌లో తగ్గుతుంది, ఒక్క క్లాసుకైనా వర్తిస్తుంది. ఏడాదిలో 20 యూనిట్లు చేస్తే ఫీజు 920, తగ్గేది 184, అంటే ఒక క్లాసు ఫీజు. కట్టిన ఫీజు వివరాలతో కాలేజీ పంపే 1098-టి ఫారం దాచుకోండి. లాప్‌టాప్ ఖర్చు ఇందులోకి రాదు.

ఆగస్టు దాకా ఖాళీగా కూర్చోమని కాదు. ఇక్కడి ట్యాక్స్ శాఖ ఐఆర్ఎస్ నడిపించే వీటా అనే కార్యక్రమంలో వాలంటీర్లకు ట్రైనింగ్ ఉచితం, పరీక్ష పాసైతే ఏప్రిల్ 15 దాకా తక్కువ ఆదాయం వాళ్లకు రిటర్న్‌లు వేసిపెట్టొచ్చు. గ్యాప్ తర్వాత రెజ్యూమెలో రాసుకోవడానికి అది నిజమైన పని. దగ్గర్లోని సెంటర్‌ను ఇప్పుడే అడగండి, సీజన్ మొదలయ్యాక చేర్చుకోరు. ఆ పని నచ్చితే ఎన్‌రోల్డ్ ఏజెంట్ (ఐఆర్ఎస్ ముందు క్లయింట్ల తరఫున మాట్లాడే ట్యాక్స్ నిపుణులు) దారి చూడండి, దానికి డిగ్రీతో పని లేదు, ఐఆర్ఎస్ పెట్టే మూడు పేపర్లు పాసవ్వాలి. సీపీఏ, అంటే మన సీఏ లాంటి ఇక్కడి లైసెన్స్ అనుకుంటే గుంటూరు మార్కుల లిస్టులు తెప్పించి అవి ఇక్కడి చదువుకు ఎంత సమానమో తేల్చే ఇవాల్యుయేషన్ ముందు చేయించండి, తక్కువ పడ్డ సబ్జెక్టులేమిటో తెలిశాక అవే కాలేజీలో తీసుకోండి, లేకపోతే చదివిందే మళ్లీ చదువుతారు.

కాలేజీ అప్లికేషన్ ఉచితమే, మే నెలలో వేసేయండి. మీ అకౌంట్‌లో నాన్-రెసిడెంట్ అని కనిపిస్తే కంగారుపడి ఫీజు కట్టేయకండి, సిస్టమ్ మీ వీసా చూసి మొదట అలా పెట్టి ఉండొచ్చు. అడ్మిషన్స్ ఆఫీసుకు లీజు, లైసెన్స్, ట్యాక్స్ రిటర్న్, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) పంపి రెసిడెన్సీ మళ్లీ చూడమని రాతపూర్వకంగా అడగండి, మార్చామని వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ వచ్చాకే కార్డు తీయండి.