నల్గొండ ఎండలో అల్పాకాలు పెంచొచ్చా?

చిట్యాల దగ్గర మూడెకరాలుంది, ఇద్దరం ఉద్యోగాలు మానేసి పది అల్పాకాలతో చిన్న ఫారం పెడదామనుకుంటున్నాం, వీడియోల్లో చూశాం, పిల్లలకు కూడా బాగుంటుంది అని అడిగారు కదా. నేను అల్పాకాలు పెంచలేదు, ముందే చెప్తున్నా. గొర్రెలు పెంచుతున్నాం, దేవరకొండ వైపు, 2019 నుంచి, ఇంటిల్లిపాదీ.

అల్పాకా పెరూ, బొలీవియా కొండల మీది జీవం. దాదాపు 4,000 మీటర్ల ఎత్తు, రాత్రయితే నీళ్ళు గడ్డకట్టే చలి, ఒంటి మీద అంత ఉన్ని అందుకే. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీలకు బర్రెలే నాలుక బయటపెడతాయి. కూలర్లు పెడతాం అంటారేమో, కరెంటు పోయిన మధ్యాహ్నం ఏం చేస్తారు? పైగా దాని చూడి కాలం పదకొండున్నర నెలలు, ఈతకు ఒక్కటే పిల్ల. గొర్రె అయిదు నెలలకే ఈనుతుంది. బయటి దేశం నుంచి జీవాలు తేవడం కూడా మామూలు పని కాదు, 1898 నాటి పశువుల దిగుమతి చట్టం ఇంకా ఉంది, పర్మిట్, క్వారంటైన్ అన్నీ దాటాలి.

సరే, ఇవన్నీ దాటారనుకుందాం. అమ్మేదేంటి? ఏడాదికోసారి కత్తిరిస్తే ఒక్కోదానికి రెండు మూడు కిలోల ఉన్ని. దాన్ని గ్రేడు చేసేవాళ్ళు, వడికే మిల్లులు పెరూలో ఉన్నాయి, చిట్యాలలో లేవు. మాకిది అనుభవమే. పాలమూరు నల్ల గొర్రెలంటే, అదే దక్కనీ, మా బాపుకు ఇష్టం, ఆయన చిన్నప్పుడు గొంగడి కప్పుకుని పొలం కావలి పడుకున్న మనిషి. ఆయన కోసం ఆరు కొన్నాం. కత్తిరించినందుకు కూలి మేమే ఇచ్చాం, ఉన్ని కొనేవాడు మాత్రం రాలేదు. రెండు బస్తాలు ఇప్పటికీ కొట్టంలో ఉన్నాయి, పోయిన చలికాలం వాటి మీద పిల్లి ఈనింది. మిగతావన్నీ నెల్లూరు రకం, వాటికి ఉన్ని దాదాపు ఉండదు, మాంసానికే. మాకు నాలుగు డబ్బులు కనిపించింది వాటితోనే.

అలాగని గొర్రెలు తేలికనుకోకండి. మొదటి ఏడాది తొలకరి పడింది, చేను గట్లంతా లేత గడ్డి, జీవాలు కడుపునిండా మేశాయి, మేం మురిసిపోయాం. తెల్లారి చూస్తే అన్నిటికంటే బలంగా ఉన్న పిల్ల మెడ వెనక్కి విరిచి కాళ్ళు కొట్టుకుంటోంది. డాక్టరుకు ఫోన్ కలిసేలోపే పోయింది. మూడు రోజుల్లో ఏడు పిల్లలు, అన్నీ బాగా తిన్నవే. పక్కింటి గొల్ల తాత వచ్చి చూసి "చిటుక రోగం బిడ్డా, చిటికేసేంతల పోతది, వానలకు ముందే టీకా ఎయ్యలేదా" అన్నాడు. పశువుల దవాఖానాలో అడిగితే వేసేవారే. మేం అడగలేదు, యూట్యూబ్‌లో షెడ్డు కొలతలు మాత్రం నాలుగు రాత్రులు చూశాం. ఆ ఏడింటినీ పూడ్చిన రోజు మా ఆవిడ అన్నం తినలేదు. ఇప్పుడు మే నెల క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో 'టీకా' అని తనే రాస్తుంది.

కాబట్టి నా మాట, ఇద్దరూ ఒకేసారి ఉద్యోగం మానకండి. జీవాల కంటే ముందు గడ్డి వేయండి, అరెకరంలో సూపర్ నేపియర్, గట్ల మీద అవిసె, సుబాబుల్. జొన్న కోసిన చేలో మళ్ళీ మొలిచిన లేత పిలకల్లోకి మాత్రం తోలకండి, ఆ పిలకల్లో ఉండే విషం, దాన్నే నాము అంటారు, తగిలితే మంద మందే పడిపోతుంది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలుతో మొదలుపెట్టి రెండు వానాకాలాలు చూడండి. జాతీయ పశుసంపద మిషన్ సబ్సిడీ కోసం ఒకేసారి వంద గొర్రెలు, అయిదు పొట్టేళ్ళ యూనిట్‌కి పోవద్దు, సగం సబ్సిడీ వచ్చినా మిగతా సగం అప్పు మీదే.

పెబ్బేరు సంతకో ఇంకెక్కడికో కొనడానికి వెళ్తే పళ్ళు చూసి వయసు చెప్పగల మనిషిని వెంట తీసుకెళ్ళండి. మొదటిసారి మేం ఒక్కళ్ళమే వెళ్ళాం, ఓ సంతలో నాలుగు ముసలి గొర్రెల్ని లేత జీవాలని చెప్పి అంటగట్టారు.