ప్రాసిక్యూటర్ అవుతానంటే భయమెందుకమ్మా?

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక తల్లి రాశారు: "మా అమ్మాయి ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీలో నాలుగో ఏడు చదువుతోంది. కార్పొరేట్ లా తీసుకోమంటే వినదు. ప్రభుత్వ ప్రాసిక్యూటర్ అయ్యి పోలీసుల తప్పుల్ని నిలదీస్తానంటుంది. రెండిట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి. నేరస్థుల మధ్య తిరిగే పిల్లకి రేపు సంబంధాలు ఎలా వస్తాయి?"

అమ్మా, మీ అసలు ప్రశ్న ఆఖరిదే. జీతాల గురించి మొదలుపెట్టి పెళ్లి దగ్గర ఆగే ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. అందుకే ముందు ఆ భయం సంగతి చూద్దాం. పరీక్ష, సిలబస్ మీ అమ్మాయే చూసుకుంటుంది.

అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే ఏపీపీ, నేరస్థుల వెంట తిరగరు. మెజిస్ట్రేట్ కోర్టులో ప్రభుత్వం తరఫున కేసు నడుపుతారు. ఇది పర్మనెంట్ ఉద్యోగం. సెషన్స్ కోర్టుల్లో ప్యానెల్ నుంచి నియమించే పబ్లిక్ ప్రాసిక్యూటర్లు (పీపీలు) ప్రభుత్వంతో పాటు మారిపోవడం మామూలే గానీ, ఏపీపీకి ఆ బెంగ లేదు.

మీ అమ్మాయికి కూడా ఒక మాట. ప్రాసిక్యూటర్ పోలీసులకు పై అధికారి కాదు. ఆంధ్ర, తెలంగాణల్లో ఏపీపీలను ఎంపిక చేసేదే పోలీసు నియామక మండలి. ఛార్జిషీటు వేసే ముందు ప్రాసిక్యూటర్ని అడగమని పోలీసులను ఆదేశించడం కూడా కుదరదని, తమిళనాడుకు చెందిన ఆర్. సరళ కేసులో సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి 2006 ప్రకాశ్ సింగ్ తీర్పు చెప్పిన కంప్లైంట్స్ అథారిటీ వేరే ఉంది.

అయితే చెయ్యగలిగింది తక్కువేం కాదు. ఒక దొంగతనం కేసు ఫైలు చూడండి. నిందితుడు చూపించిన చోటే సొత్తు దొరికిందని మహజరులో, అంటే జప్తు పంచనామాలో, ఉంటుంది, టైము సాయంత్రం 4 గంటలు. అరెస్టు మెమోలో మాత్రం అతన్ని పట్టుకున్నది 6 గంటలకు. జప్తు చూశానని సంతకం పెట్టిన పంచ్ సాక్షి స్టేషన్ ఎదుటి టీ కొట్టు మనిషి. ఇంకో మూడు కేసుల్లోనూ అతని సంతకమే. విచారణకు ముందే ఇది పట్టుకుని ఎస్సైని కూర్చోబెట్టి అడగగలిగేది ఏపీపీయే. 2024 జులై 1 నుంచి అమలైన కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సోదాలను, జప్తులను వీడియో తియ్యమంటోంది కాబట్టి, కాగితాన్ని వీడియోతో సరిచూసే పని కూడా చేరింది. ఓపికగా చదివే పిల్లకి ఇది మంచి వృత్తి.

కార్పొరేట్ లా మీద నాకు అనుమానాలున్నాయి. పెద్ద ఫర్మ్‌లు కొద్ది క్యాంపస్‌లకే వెళ్తాయి. నాగరభావి నేషనల్ లా స్కూల్ పిల్లలకు వచ్చే ఆఫర్లు చూసి అందరికీ అవే వస్తాయనుకోకండి. మీ అమ్మాయి కాలేజీకి ఏ ఫర్మ్ వచ్చిందో కనుక్కున్నారా? మిగతావాళ్లలో చాలామంది చేరేది అగ్రిమెంట్లలో క్లాజులు సరిచూసే పనిలో. ఆ పనిలో మొదటి భాగం ఇప్పటికే సాఫ్ట్‌వేర్‌కి పోతోంది. అర్ధరాత్రి దాకా లాప్‌టాప్ ముందు కూర్చుని, రెండు మూడేళ్లకే విసిగి, ఇప్పుడేం చెయ్యాలని అడగడానికి వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. అర్ధరాత్రి క్యాబ్‌లో ఇంటికొచ్చే ఉద్యోగానికి లేని సంబంధాల బెంగ, సాయంత్రం కోర్టు నుంచి వచ్చే ఉద్యోగానికి ఎందుకు? ఎవరో ఇంకా ముఖం కూడా చూడని అత్తగారి కోసం మీ పిల్ల వృత్తిని మీరు నిర్ణయించకూడదు. గట్టిగానే చెప్తున్నాను, ఏమీ అనుకోకండి.

కష్టాలు లేవని కాదు. ఫైళ్ల గుట్టలు, బదిలీలు, కోర్టులో మాట మార్చి హాస్టైల్ అయ్యే సాక్షులు ఉంటారు. అన్నిటికంటే ముఖ్యం కన్నడం. ఇక్కడి కింది కోర్టుల్లో ఎఫ్‌ఐఆర్ నుంచి సాక్షి వాంగ్మూలం దాకా ఎక్కువగా కన్నడంలోనే. మన తెలుగిళ్ల పిల్లలు గలగలా మాట్లాడతారు గానీ, హెడ్ కానిస్టేబుల్ చేతిరాతలో ఉన్న మహజరు చదవమంటే తడబడతారు. లిపి మనదానికి దగ్గరేనన్న ధీమా వద్దు, ఇప్పట్నుంచే రోజూ చదవమనండి.

ఇక పట్టా రాగానే ఈ పోస్టు రాదు. ఆంధ్ర, తెలంగాణల్లో మూడేళ్లు, తమిళనాడులో ఐదేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. ఇక్కడా ప్రాక్టీసు తప్పదు. జడ్జి పరీక్షకు కూడా 2025 మేలో సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసును మళ్లీ తప్పనిసరి చేసింది. నగరాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వమని బార్ కౌన్సిల్ 2024లో చెప్పింది, అయితే అది సూచన మాత్రమే. అంతకంటే తక్కువిచ్చే సీనియర్ దొరికినా, పని నేర్పేవారైతే చేరమనండి. మీ సాయం కావాల్సింది అప్పుడే. ఆ మూడేళ్లు ఖర్చు మీరు చూసుకుంటానని, సంబంధాల ఊసెత్తనని ఇప్పుడే మాటివ్వండి. ఈ సెలవుల్లో ఒక వారం నృపతుంగ రోడ్డు మెజిస్ట్రేట్ కోర్టులకు వెళ్లి వెనక బెంచీలో కూర్చోమనండి, ఎవరైనా వెళ్లొచ్చు. ఒక పూట మీరూ తోడు వెళ్లండి.