ఓటీపీ రాలేదు, డబ్బు మాత్రం పోయింది

ఈ వారం వచ్చిన మెయిల్స్‌లో సగానికి పైగా ఆడియో పుస్తకాలు, ఈ-బుక్ యాప్‌ల ఉచిత ట్రయల్స్ గురించే. అందుకే మిగతా సందేహాలను వచ్చే వారానికి ఉంచి, వీటికే జవాబులు ఇస్తున్నాను.

కథలు వినే యాప్‌లో రూపాయికి ఏడు రోజుల ట్రయల్ తీసుకున్నాను. రెండు రోజులు విన్నాక నచ్చక యాప్ తీసేశాను. ఎనిమిదో రోజు ఖాతాలోంచి 499 రూపాయలు పోయాయి. ఓటీపీ రాలేదు, నేను పిన్ కొట్టలేదు. నా ఫోన్ ఎవరైనా హ్యాక్ చేశారా? – కాకినాడ పాఠకురాలు

హ్యాక్ కాలేదు, టెన్షన్ పడకండి. మొదటిరోజు ఆ రూపాయి కట్టడానికి యూపీఐ పిన్ కొట్టారు కదా, అనుమతి అప్పుడే ఇచ్చేశారు. అది ఏడు రోజుల కథల ఖరీదు కాదు. గడువు దాటాక మీ ఖాతాలోంచి చందా తీసుకోవచ్చని బ్యాంకుకు మీరు చెప్పిన మాట. దీన్నే ఆటోపే మ్యాండేట్ అంటారు. యూపీఐలోకి ఇది 2020 జులైలో వచ్చింది. కార్డులకైతే ఆర్‌బీఐ నిబంధనలు 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమలవుతున్నాయి. మొదటిసారి ఓటీపీ లేదా పిన్ తప్పనిసరి. ఆ తర్వాత ఒక్కో విడత 15,000 రూపాయలు దాటనంత వరకు మళ్లీ అడగరు. ఈ హద్దు మొదట 5,000 ఉండేది, 2022 జూన్‌లో పెంచారు. పుస్తకాల చందా ఆ హద్దు దరిదాపుల్లోకి కూడా రాదు. మీకు ఓటీపీ రాకపోవడానికి కారణం అదే.

అయితే డబ్బు తీసుకునే ముందు, కనీసం 24 గంటల ముందు, ఎవరు ఎంత తీసుకోబోతున్నారో మీకు సందేశం రావాలి. వస్తుంది కూడా. కానీ ఎలా వస్తుందో చూడండి. మొన్న మా బాబాయి ఫోన్ తీసి వెతికితే, లోన్ ఆఫర్లకూ రీఛార్జి గుర్తుచేసే మెసేజ్‌లకూ మధ్య ఆ మెసేజ్ ఇరుక్కుని ఉంది. పంపింది బ్యాంకు. లోపల ఉన్నది యాప్ పేరు కాదు, దాన్ని నడిపే కంపెనీ పేరు. ఆయన ఆ పేరు ఎప్పుడూ విని ఉండరు. అందుకే చదివినా పట్టించుకోలేదు. మీకు అలవాటు లేని పేరుతో ఆటోపే, మ్యాండేట్ అనే మాటలు కనిపిస్తే ఆ మెసేజ్‌ను అక్కడే ఆపి చదవండి. రద్దు చేసుకోవడానికి ఆ ఒక్క రోజు మీ చేతిలో ఉంటుంది.

ఇక యాప్ తీసేయడం గురించి. ఇది చాలామంది చేసే పొరపాటు. యాప్ తీసేస్తే ఫోన్‌లో చోటు ఖాళీ అవుతుంది తప్ప చందా ఆగదు. ఏ దారిలో చేరారో ఆ దారిలోనే బయటికి రావాలి. ప్లే స్టోర్ ద్వారా కట్టి ఉంటే, ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, పైన మీ పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ ఉంటుంది. అక్కడ ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలి, చివరి రోజు దాకా ఆగకూడదు. వెబ్‌సైట్‌లో చేరి ఉంటే వెబ్‌సైట్‌లోకే వెళ్లాలి. నేరుగా యూపీఐతో కట్టి ఉంటే ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌లో ప్రొఫైల్‌లోకి వెళ్లి ఆటోపే తెరవండి. మీరిచ్చిన మ్యాండేట్లన్నీ వరసగా కనిపిస్తాయి. కావాలంటే కొన్నాళ్లు ఆపొచ్చు, పూర్తిగా రద్దూ చేయొచ్చు. మీరు ఇవాళే ఆ పేజీ చూడండి. ఈ 499 పోయినా, మ్యాండేట్ బతికే ఉంటే మళ్లీ గడువు రాగానే ఇంకో విడత పోతుంది.

పోయిన డబ్బు కోసం ముందు యాప్ వాళ్లకు రాయండి. ప్లే స్టోర్ ద్వారా కట్టిన వాళ్లు 48 గంటల లోపే గూగుల్‌కు రీఫండ్ అభ్యర్థన పెట్టాలి, వెనక్కి వచ్చే అవకాశం అప్పుడే ఎక్కువ. రద్దు బటన్ కనిపించకుండా దాచారనో, చందా వివరాలు ముందే సరిగా చెప్పలేదనో మీకు అనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మోసపు డిజైన్లను నిషేధించింది. చేరడం తేలికగా, బయటపడటం కష్టంగా పెట్టడం అందులో ఒకటి. 499 రూపాయలకు ఫిర్యాదు ఏంటని ఊరుకోకండి. ఇలా ఊరుకునే వాళ్ల మీదే ఆ కంపెనీల లెక్కంతా నడుస్తోంది.

ఆడిబుల్‌లో, కిండిల్ అన్‌లిమిటెడ్‌లో ట్రయల్ తీసుకుందామనుకుంటున్నాను. రద్దు చేశాక పుస్తకాలు ఉంటాయా, పోతాయా? – తిరుపతి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

ఆడిబుల్ వినడానికి, కిండిల్ అన్‌లిమిటెడ్ చదవడానికి. రెండూ అమెజాన్‌వే అయినా పద్ధతి వేరు. కిండిల్ అన్‌లిమిటెడ్ అద్దె పుస్తకాల కొట్టు లాంటిది. ఒకేసారి 20 పుస్తకాల వరకు తెచ్చుకోవచ్చు, చందా ఆగగానే అన్నీ వెనక్కి వెళ్లిపోతాయి. ఆడిబుల్‌లో రెండు రకాలున్నాయి. క్రెడిట్ అంటే ఒక పుస్తకం తీసుకోవడానికి సభ్యులకు ఇచ్చే టోకెన్ లాంటిది. అది పెట్టి తీసుకున్న పుస్తకం కొన్నట్టే లెక్క, సభ్యత్వం రద్దయ్యాక కూడా మీ లైబ్రరీలో ఉంటుంది. సభ్యులకు ఊరికే వినడానికి ఇచ్చినవి మాత్రం సభ్యత్వంతోపాటే పోతాయి. వాడని క్రెడిట్ కూడా పోతుంది. కాబట్టి ముందు క్రెడిట్‌తో మీకు బాగా కావాల్సిన, ఖరీదైన, పెద్ద పుస్తకం తీసుకోండి. ఆ తర్వాత రద్దు చేయండి. ఈ వరస తప్పితే నష్టం మీదే.

ఎప్పుడు రద్దు చేయాలని కూడా అడిగారు. చేరిన రోజే. చాలా యాప్‌లలో ముందే రద్దు చేసినా ట్రయల్ చివరి రోజు దాకా నడుస్తుంది. కొన్నింటిలో వెంటనే ఆగిపోతుంది. రద్దు చేసేటప్పుడు ఏ తేదీ వరకు వాడుకోవచ్చో తెర మీద రాసి ఉంటుంది, అది చదివాకే చివరి బటన్ నొక్కండి. వెంటనే ఆగిపోతుందని రాసి ఉంటే, గడువుకు రెండు రోజుల ముందు మోగేలా ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

ఇంకో మాట. పరీక్షల ముందు ట్రయల్ మొదలుపెట్టకండి. 12 గంటల పుస్తకాన్ని రోజుకు 40 నిమిషాలు వింటే 18 రోజులు పడుతుంది. నెల ట్రయల్‌లో ఒకటిన్నర పుస్తకం అవుతుంది. వారం ట్రయల్‌లో సగం కూడా కాదు. సెలవులు మొదలైన రోజు నొక్కండి. కిండిల్ అన్‌లిమిటెడ్‌లో పేరున్న పెద్ద ప్రచురణకర్తల కొత్త పుస్తకాలు తక్కువ. మీకు కావాల్సిన పది పేర్లు ముందే రాసుకుని అక్కడ వెతకండి. రెండే దొరికితే ఆ రెండూ విడిగా కొనుక్కోవడమే మేలు. కొనేముందు ఉచిత శాంపిల్ ఎలాగూ చదవొచ్చు, దానికి కార్డు అక్కర్లేదు.

తెలుగు పుస్తకాల కోసం ఏది తీసుకోవాలి? – నల్గొండ పాఠకుడు

వినడానికైతే దాసుభాషితం తెలుగు కోసమే పెట్టిన యాప్. స్టోరీటెల్, కుకు ఎఫ్‌ఎం, పాకెట్ ఎఫ్‌ఎంలలోనూ తెలుగు ఉంది. చివరి రెండింటిలో పుస్తకాల కంటే యాప్ కోసమే రాయించిన సీరియల్ కథలు ఎక్కువ. అది మీ అభిరుచిని బట్టి. చదవడానికి ప్రతిలిపి అనే యాప్ ఉంది. కిండిల్ విషయంలో నాకు బాధ ఉంది. 2016 డిసెంబర్‌లో అమెజాన్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకు కిండిల్ తలుపు తెరిచినప్పుడు ఆ ఐదింటిలో తెలుగు లేదు. ఇన్ని కోట్ల మంది మాట్లాడే భాషకు జరిగిన లోటు అది.

పాత పుస్తకాలు ఇష్టమైతే ఏ ట్రయలూ అక్కర్లేదు. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల దాకానే కాపీరైట్. వీరేశలింగం పంతులు 1919లో కన్నుమూశారు కాబట్టి ఆయన రాసినవి ఇప్పుడు అందరివీ. తెలుగు వికీసోర్స్‌లో ఇలాంటివి ఉచితంగా చదవొచ్చు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి.

ఒక ఆడియో పుస్తకం ఎంత జాగా తింటుంది? – గుంటూరు

64 కేబీపీఎస్ నాణ్యతలో గంటకు సుమారు 29 ఎంబీ. పది గంటల పుస్తకం 300 ఎంబీ లోపే. ఇంట్లో వైఫైలో దించుకుని బస్సులో వినండి.

మేం డాలస్‌లో ఉంటాం. పిల్లలిద్దరికీ ఆడియో పుస్తకాల పిచ్చి. నెలనెలా చందా బరువవుతోంది.

మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకోండి. లిబ్బీ యాప్‌లో ఆ కార్డు నంబర్ కొడితే ఈ-బుక్స్, ఆడియో పుస్తకాలు ఉచితంగా వస్తాయి. గడువు కాగానే వాటంతట అవే వెనక్కి వెళ్లిపోతాయి, జరిమానా ఉండదు. గిరాకీ ఉన్న పుస్తకానికి వారాల తరబడి వరసలో ఆగాల్సి రావచ్చు. అందుకని ఐదారు పుస్తకాలకు ఒకేసారి హోల్డ్ పెట్టండి. చందా ఆపేముందు నెల రోజులు పిల్లలతో లిబ్బీ వాడించి చూడండి.

మా అమ్మకు 74 ఏళ్లు. చూపు బాగా తగ్గింది. ఒకప్పుడు వారపత్రిక రాగానే సీరియల్ పేజీ ముందు తిప్పే మనిషి. ఆమెకు ఆడియో యాప్ ఏదైనా పెట్టి ఇవ్వొచ్చా? – వరంగల్

తప్పకుండా పెట్టండి. ముందుగా సుగమ్య పుస్తకాలయ చూడండి. చూపులేని వాళ్ల కోసం, అచ్చు అక్షరాలు చదవలేని వైకల్యం ఉన్నవాళ్ల కోసం 2016 ఆగస్టులో మొదలైన ఆన్‌లైన్ గ్రంథాలయం ఇది. వాళ్లకు ఇది ఉచితం. కంటి డాక్టర్‌తో మాట్లాడి, అమ్మగారికి అర్హత వస్తుందేమో కనుక్కోండి.

చందా యాప్ అయితే ట్రయల్ మీ ఫోన్‌లో, మీ ఖాతా మీద తీసుకోండి. అమ్మగారి ఫోన్‌లో యూపీఐ జత చేయకండి. మొదట ఒకే కథ శాంపిల్ వినిపించండి. చదివే గొంతు ఆమెకు నచ్చితేనే ముందుకెళ్లండి, ఆ గొంతు నచ్చకపోతే ఎంత మంచి కథైనా పది నిమిషాలు దాటి వినలేరు. వేగం ఒకటి కంటే, అంటే మామూలు కంటే, కొంచెం తగ్గించి చూడండి. మధ్యాహ్నం వింటూ నిద్రపోతే కథ ముందుకెళ్లిపోతుంది, లేచాక ఎక్కడ ఆపారో వెతుక్కోలేరు. కథ దానంతట అదే ఆగేలా స్లీప్ టైమర్ 15 నిమిషాలకు పెట్టి ఇవ్వండి. ఆగిన చోట నుంచి మళ్లీ మొదలుపెట్టడానికి ఏ బటన్ నొక్కాలో, నాలుగైదు సార్లు ఆమె వేలితోనే నొక్కించండి.