చౌడు మడిల కొతిమీర మొలవాలంటే

బిడ్డా, ధనియాలు జల్లితే సగం గూడ మొలవలేదని ఫోన్ల బాధపడ్డవు గదా, విత్తనం తప్పనుకోకు. గట్ల మీద తెల్లగ పేరుకునేదంత ఉప్పే. ఉప్పు నేలల తడి ఉన్నా గింజ దాన్ని గుంజుకోలేదు, గుంజుకున్న కాడికి ఉప్పుల ఉండే సోడియం లోపలికి పోయి మొలకను చంపుతది. మెంతెం నాలుగైదు రోజులల్ల బయటపడ్తది, ధనియాలు పది పదిహేను రోజులు మట్టిలనే ఉంటయి, అందుకే దానికి దెబ్బ ఎక్కువ.

నువ్వు ట్రైకోడెర్మా వాడు. ఇది మంచి బూజు, వేరును పట్టుకొని బతుకుతది, వేరు సాగే హార్మోన్ ఇస్తది, ఉప్పు తగిలినప్పుడు మొక్కల ఇథిలీన్ అనే ఇంకో హార్మోన్ ఎక్కువై వేరు ఆగిపోతది సూడు, దాన్ని గూడ తగ్గిస్తది. కని ఇది నేలల ఉప్పును తీసెయ్యదు బిడ్డా, మొక్కకు తట్టుకునే బలమిస్తది, గంతే.

షాపుల గులాబీ రంగు మందు పట్టిచ్చిన విత్తనం అసలే తేకు, దాంట్ల థైరమో కార్బెండజిమో, అంటే బూజును చంపే మందు, ఉంటే మన బూజు సస్తది. ఉత్త ధనియాలు తెచ్చి చెప్పు కింద మెల్లగ రాస్తే రెండు బద్దలైతయి, పిండి గావద్దు. రాత్రంత మంచి నీళ్లల్ల నానబెట్టు, బోరు నీళ్లల్ల కాదు. పొద్దుగాల నీళ్లు వంపేసి, సల్లారిన గంజి కొంచెం సల్లి, కిలో గింజలకు 10 గ్రాముల ట్రైకోడెర్మా పొడి వేసి చేత్తోని కలుపు. ప్రతి గింజకు పలసగ పట్టాలె, ముద్దలు కట్టొద్దు. నీడల ఆరబెట్టి ఆ పొద్దే సల్లబడ్డంక విత్తు, ఎండల పెడ్తే చేసిందంత వట్టిదే. ప్యాకెట్ మీద తారీఖు గూడ సూసి కొను, పాతదాంట్ల బతికున్న బూజు తక్కువుంటది.

పశువుల పెంట ఉంటే ఇంకా మంచిది. 90 కిలోల మాగిన పెంట, 10 కిలోల యాప పిండి, కిలో రెండు కిలోల ట్రైకోడెర్మా కలిపి చెట్టు కింద కుప్పబోసి తడి గోనెసంచులు కప్పు. వారం పది రోజులకు లోపట ఆకుపచ్చగ బూజు పాకుతది, అప్పుడు మడిల కలుపు.

వామ్ (మైకోరైజా) అని ఇంకో మంచి బూజుంటది, అది బతికున్న వేరు మీదనే బతుకుతది కాబట్టి గింజకు పూసేది కాదు, సాల్ల గింజ కిందికి వచ్చేటట్టు వెయ్యాలె.

బోదె నెత్తి మీద మాత్రం విత్తకు, నీళ్లు ఆవిరైతుంటే ఉప్పంత ఆడికే ఎక్కుతది, పక్క వాలుకు విత్తు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు వెయ్యకు, అదీ ఉప్పే. వానలు గట్టిగ పడ్డంక విత్తితే ఉప్పు కిందికి దిగి ఉంటది, మొలకకు సులువు.

అంతకన్న ముందు మట్టి, బోరు నీళ్లు కంపాసాగర్ కేవీకేల (కృషి విజ్ఞాన కేంద్రంల) సూపియ్యి. ఈసీ, అంటే ఉప్పెంతుందో చెప్పే లెక్క, మట్టిల 4 దాటితే తెల్ల చౌడు, మంచి నీళ్లు పెట్టి ఉప్పును కడగాలె. పీహెచ్, అంటే క్షారం ఎంతుందో చెప్పే లెక్క, 8.5 దాటితే కారు చౌడు, దానికి జిప్సం కావాలె, ఎంతనేది వాళ్ల రిపోర్టు సూసినంకనే కొను. ఒక చిన్న మడి ట్రైకోడెర్మా పట్టియ్యని గింజలతోని విడిగ విత్తు, రెండిట్ల మొలకలు లెక్కబెట్టి నాకు ఫోన్ చెయ్యి.