కొడుకు స్నోబోర్డింగ్ కోసం చిట్టి పాడాలా?

ప్రశ్న: సింగరేణిలో రిటైరై హనుమకొండలో ఉంటున్నాను. మా అబ్బాయి అమెరికాలో, సాల్ట్ లేక్ సిటీలో ఎంఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. 32 లక్షల ఎడ్యుకేషన్ లోన్ ఉంది, నేను కో-అప్లికెంట్‌ని. ఊరి పక్కన స్నోబర్డ్ అనే కొండ మీద దోస్తులతో స్నోబోర్డింగ్, అంటే పలక మీద నిలబడి మంచు వాలున జారే ఆట, నేర్చుకుంటాడట. చలికాలమంతా ఆ కొండ మీద ఆడేందుకు సీజన్ పాస్, బోర్డు, బూట్లు అన్నీ కలిపి 1,80,000 రూపాయలు పంపమన్నాడు. నాకు 50 నెలల 5 లక్షల చిట్టి ఉంది, 21 నెలలు కట్టాను. ఇప్పుడు పాడితే 3,60,000 చేతికి వస్తాయంటున్నారు. సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లోని 15 లక్షల మీద మూడు నెలలకోసారి 30,750 వడ్డీ వస్తుంది. చిట్టి పాడి పంపనా?

జవాబు: నమస్తే అన్నా. మీ అబ్బాయి అడిగినదాంట్లో తప్పేం లేదు. అక్కడ చలికాలమంతా మంచే. స్నోబర్డ్ ఆ ఊరికి 40 కిలోమీటర్లు, మనం జనగామ పోయినంత దూరం కూడా కాదు. తోటి పిల్లలంతా శనివారం కొండకు పోతుంటే వాడొక్కడే రూములో కూర్చోవాలని నేను చెప్పను. చిట్టి మాత్రం పాడకండి.

లెక్క చూడండి. ఇప్పుడు పాడితే 1,40,000 వదులుకుంటున్నారు. చివరిదాకా ఆగితే, కమీషన్ 5 శాతం అనుకున్నా, 4,75,000 వస్తాయి. తేడా 1,15,000. ముందే చేతికొచ్చిన డబ్బుకు వడ్డీ వస్తుంది కదా అనవచ్చు. డిపాజిట్ చేస్తే వస్తుంది, బోర్డు కొంటే రాదు. పైగా పాడినాక ష్యూరిటీలు పెట్టాలి, మిగతా 29 నెలలూ తప్పకుండా కట్టాలి. వాడి కోర్సు అయిపోయి ఉద్యోగం ఇంకా రాని ఆ నాలుగైదు నెలల్లో లోన్ వాయిదా మీ మీద పడితే ఆదుకునేది ఈ చిట్టీయే. దాన్ని అప్పటిదాకా ముట్టుకోవద్దు.

ఇక కొండ సంగతి. స్నోబర్డ్ కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదలుపెట్టే చోటు కాదు. శిఖరం 11,000 అడుగుల ఎత్తున ఉంటుంది, పైనుంచి కిందికి 3,240 అడుగుల దిగుడు. నిటారు వాలులకే దానికి పేరు. అక్కడ జారే దారులకు రంగులుంటాయి. పచ్చవి తేలిక, నీలివి మధ్యస్థం, నల్లవి కష్టం. మొదటి సీజన్ అంతా పచ్చ దారుల్లో తిరిగేవాడికి ఇంత పెద్ద కొండ పాస్ ఎందుకు? పక్క లోయలోని బ్రైటన్ నేర్చుకునేవాళ్లకు చాలా నయం. ఇంకో ముఖ్యమైన మాట. స్నోబర్డ్‌ను ఆనుకునే ఆల్టా ఉంది. ఆ రెంటికీ కలిపి పాస్ అమ్ముతారు. కానీ ఆల్టాలో స్కీయింగ్‌కే, అంటే రెండు కాళ్లకు రెండు విడి పలకలు కట్టుకుని జారడానికే అనుమతి, స్నోబోర్డులకు లేదు. తెలియక ఆ పాస్ కొంటే ఆల్టా భాగం డబ్బు మంచులో పోసినట్టే.

నాకు అసలు టెన్షన్ పాస్ గురించి కాదు, ఇన్సూరెన్స్ గురించి. స్నోబోర్డులో రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించి ఉంటాయి, స్కీయింగ్‌లోలాగా చేతిలో కర్రలుండవు. పడినప్పుడు ఎవరైనా చేతులే ముందు పెడతారు. అందుకే కొత్తవాళ్లకు ఎక్కువగా విరిగేది మణికట్టు. కాజీపేట నుంచి ఒకాయన కూతురి బిల్లులు పట్టుకుని నా దగ్గరకొచ్చారు. పడింది ఒక్కసారే. కాగితాలు మాత్రం నాలుగు: ఆంబులెన్స్‌ది ఒకటి, ఆసుపత్రిది ఒకటి, డాక్టర్‌ది ఒకటి, ఎక్స్‌రే చదివినందుకు ఇంకొకటి. పాలసీ ఉంది. అయినా మొదట మనమే భరించాల్సిన మొత్తం, అంటే డిడక్టిబుల్, నిండేదాకా ఆ బిల్లులు వాళ్లే కట్టాల్సి వచ్చింది. డిడక్టిబుల్ అని ఉన్న వరుస కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసుకుని వచ్చారాయన. ఆ గీతలు నాకింకా గుర్తున్నాయి.

కాబట్టి రూపాయి పంపేముందు ఆ పాలసీ కాగితం తెప్పించండి. డిడక్టిబుల్ ఎంత, ఏడాదిలో మన జేబు నుంచి పోయే గరిష్ఠ మొత్తం ఎంత, మంచు ఆటల్లో తగిలిన దెబ్బలు కవరవుతాయా, కొండకు దగ్గర్లో ఏ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉంది, ఇవన్నీ వాడే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఇక్కడ కొన్న ట్రావెల్ పాలసీ అయితే మరింత జాగ్రత్త. చాలావాటిలో వింటర్ స్పోర్ట్స్ విడిగా కొంటేనే వస్తుంది. గుర్తు పెట్టిన దారి వదిలి పక్కకు పోతే అదీ వర్తించదు. అలాగే లోన్ మొత్తానికి సరిపడా టర్మ్ పాలసీ వాడి పేరున లేకపోతే ఇప్పుడే తీసుకోండి. ప్రపోజల్ ఫారంలో స్నోబోర్డింగ్ చేస్తానని రాయించండి. ప్రీమియం కాస్త పెరిగినా ఫరవాలేదు, దాచిపెడితే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది.

డబ్బు ఇలా సర్దుకోవచ్చు. ఈ ఏడాది బోర్డు, బూట్లు కొనొద్దు, అద్దెకు దొరుకుతాయి. హెల్మెట్, మణికట్టు పట్టీలు మాత్రం సొంతవి కొనుక్కోమనండి. మీ వైపు నుంచి ఒక్క మూడు నెలల వడ్డీ, 30,750 పంపండి. మిగతాది వాడు సంపాదించుకోగలడు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేయవచ్చు. ఈ చలికాలం గడిచాక కూడా ఇష్టం తగ్గకపోతే, వచ్చే సీజన్ పాసులు ఎండాకాలానికి ముందే తక్కువ ధరకు అమ్ముతారు, అప్పుడు కొనుక్కోవచ్చు. టీసీఎస్, అంటే విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను విషయం: ఒక ఆర్థిక సంవత్సరంలో మీరు విదేశాలకు పంపింది 10 లక్షలు దాటనంతవరకు దాని బాధ లేదు.

వాడు బాధపడతాడేమోనని మీ భయం నాకు అర్థమైంది. ఫోన్‌లో "వద్దు" అనకండి. "పాలసీ కాగితం పంపు బిడ్డా, ఈసారి వడ్డీ రాగానే వేస్తా" అనండి. చిట్టి పాటకు మామూలుగానే పోండి. ఎవరు పాడారో, డివిడెండ్ ఎంతొచ్చిందో చూసి, అది తీసేసి మిగిలిన వాయిదా కట్టి రండి.