పక్కింటి గుంత, మన గోడ: కొలతలు కోర్టులో నిలవాలంటే

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలోని ఒక పట్టణం. 1998లో కట్టుకున్న ఇల్లు. ప్లాటు 150 గజాలు, రోడ్డు మీద 30 అడుగులు, లోపలికి 45. తూర్పు ప్లాటు ఆయన రెండు నెలల కింద సెల్లార్ కోసం మా గోడ పక్కనే 9 అడుగుల లోతు గుంత తవ్వించిండు. వానలకు అంచు జారి మా రెండు గదుల గోడలు నెర్రెలిచ్చినయ్. ఇప్పుడు పిల్లర్లు లేపుతున్నడు. మా హద్దులోకి 8 అంగుళాలు వచ్చిందని ప్రైవేటు సర్వేయర్ కొలిచి రాసిచ్చిండు, ఒక ఇంజినీర్ రెండు పేజీల రిపోర్టు ఇచ్చిండు. ఫోన్‌లో ఫొటోలున్నయ్. ‘అవేవీ కోర్టులో చెల్లవు’ అని అవతలి వకీలు అంటున్నడు. నిజమేనా? మేం ఏం చేయాలి?

జవాబు: ఆయన చెప్పింది సగమే నిజం. రిపోర్టు ప్రైవేటుదైనంత మాత్రాన చెల్లకుండా పోదు. కాకపోతే రాసిన మనిషి బోనులో నిలబడి, ప్రమాణం చేసి, అవతలి వకీలు ప్రశ్నలకు జవాబు చెప్పేదాకా అది వట్టి కాగితమే. కాబట్టి ముందుగా ఆ ఇద్దరినీ అడగండి: ‘కోర్టుకు వచ్చి చెబుతారా?’ రానంటే ఇప్పుడే వేరొకరిని చూసుకోండి. విచారణ మొదలయ్యాక వెతుక్కుంటే గుంత పూడిపోయి ఉంటుంది, కొత్తాయనకు చూడటానికి ఏమీ మిగలదు.

మీ దగ్గర రెండు వేరు వేరు తగాదాలున్నాయి. 8 అంగుళాలది హద్దు తగాదా, నెర్రెలది నష్టం తగాదా. రెంటికీ సాక్ష్యం వేరు, సాక్షి వేరు. సర్వేయర్ నెర్రెల గురించి చెప్పినా, ఇంజినీర్ హద్దు గురించి చెప్పినా క్రాస్‌లో (అవతలి వకీలు ప్రశ్నించేటప్పుడు) మొదటి దెబ్బ అక్కడే పడుతుంది. మీ ఇంజినీర్ రిపోర్టులో ‘పక్కవారు ఆక్రమించినారు’ అనే వాక్యం ఉంటే తీయించి మళ్లీ రాయించుకోండి. అది ఆయన చెప్పాల్సిన మాట కాదు.

ముందు 8 అంగుళాల సంగతి. 45 అడుగుల పొడవునా 8 అంగుళాలంటే 30 చదరపు అడుగులు, అంటే మూడు గజాల పైచిలుకు. చిన్నదేం కాదు. కానీ ఆ కొలత ఎక్కడి నుంచి మొదలైంది? సర్వేయర్ కాగితంలో అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా కేసు నిలవదు. చాలా కాగితాల్లో ‘రోడ్డు నుంచి’, ‘పడమటి గోడ నుంచి’ అని ఉంటుంది. రోడ్డు అంచు అంటే మోరీ లోపలి అంచా, బయటి అంచా? గోడ నుంచి అంటే ప్లాస్టర్ ముఖమా, ఇటుక ముఖమా, గోడ నడిమా? తొమ్మిది అంగుళాల గోడకు రెండు వైపులా ప్లాస్టర్ కలిపితే పది అంగుళాలు దాటుతుంది. నడిమి నుంచి కొలవాల్సింది ముఖం నుంచి కొలిస్తే అక్కడే ఐదు అంగుళాల తేడా. మీ 8లో ఐదు ఇట్లా కరిగిపోతే మిగిలేది మూడు.

ఇంకో మెలిక వెంచర్ ప్లాట్లది. లేఅవుట్‌లో వరసకు ఆరు ప్లాట్లు, ఒక్కొక్కటి 30 అడుగులు ఉంటే, ఈ చివరి రాయి నుంచి ఆ చివరి రాయి దాకా 180 అడుగులు రావాలి. నేల మీద 178 అడుగుల 6 అంగుళాలే వస్తే? కాగితం మీద ఉన్న 18 అంగుళాలు నేల మీద మొదటి నుంచీ లేవన్నమాట. ఆ తరుగును అంతా తూర్పాయన నెత్తిన వేయలేరు. అందుకే మీ ఒక్క ప్లాటు కాదు, వరస మొత్తం కొలిపించండి. మూల నుంచి మూలకు కర్ణం కూడా కొలవాలి. 30కి 45 సరిగ్గా మూలమట్టంగా ఉంటే కర్ణం 54 అడుగుల 1 అంగుళం వస్తుంది, రెండు కర్ణాలూ సమానంగా ఉంటాయి. తేడా వచ్చిందంటే ప్లాటు వంకరగా ఉన్నట్టే. అప్పుడు ముందర సరిపోయి వెనక చొచ్చుకొచ్చినట్టు కనబడొచ్చు.

(ఎండకు ఉక్కు టేపు సాగుతుందని వాదించేవాళ్లూ ఉంటారు. టేపు 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కినా 30 అడుగులకు వచ్చే తేడా మూడు మిల్లీమీటర్లే. గుడ్డ టేపు సంగతి వేరు. దానితో కొలిచి ఉంటే ఆ కొలత మర్చిపోండి.)

మండల సర్వేయర్‌కు అర్జీ పెడదామని చాలామంది సలహా ఇస్తారు. సర్వే నంబరు హద్దులు తేల్చడానికి ఆయన కావాల్సిందే. టిప్పణ్ (సర్వే నంబరు కొలతల పటం), గ్రామ నక్షా చూసి నంబరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెబుతాడు. అయితే 33 అడుగుల గొలుసుతో పొలాలకు కట్టిన లెక్క అది. ఆ గొలుసు చదరమే మన గుంట, 121 గజాలు. నంబరు లోపల 150 గజాల ప్లాట్ల గీతలు టిప్పణ్‌లో దొరకవు. గ్రామకంఠంలో (ఊరి పాత నివాస స్థలంలో) ఇళ్లకైతే విడివిడి సర్వే కొలతలే ఉండవు. అక్కడ దిక్కు సేల్‌డీడ్‌లు, లేఅవుట్ ప్లాను. మీ డీడ్‌తో పాటు తూర్పాయన డీడ్, ఇద్దరికీ అమ్మినవాళ్ల పాత డీడ్‌ల సర్టిఫైడ్ కాపీలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోండి. ఆయన డీడ్‌లో పడమటి హద్దుగా మీ ఇల్లే రాసి ఉంటే అది మీకు బలం. డీడ్‌లోని విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు మామూలుగా హద్దుల వైపే మొగ్గుతాయి.

ఇక కోర్టు పని. దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 1, 2 కింద ఇంజంక్షన్ పిటిషన్ (పని ఆపమని కోరేది), ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్ (కోర్టు తరఫున వచ్చి స్థలం చూసి రాసే వకీలు) పిటిషన్ వేయండి. గుంత పూడుస్తారని, పిల్లర్ల మధ్య గోడ లేస్తుందని అఫిడవిట్‌లో తేదీలతో రాస్తే, అవతలివాళ్లకు ముందుగా నోటీసు ఇవ్వకుండా కమిషనర్‌ను వేయమని అడగవచ్చు. ‘సాక్ష్యం పోగుచేసి పెట్టడానికి కమిషనర్‌ను వేయకూడదు’ అన్న అభ్యంతరం తప్పకుండా వస్తుంది. హద్దు తగాదాలో మాట వేరు. 2008లో హర్యానా వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు, వివాదమంతా భూమి హద్దు గురించే అయినప్పుడు కమిషనర్‌ను వేసి తేల్చుకోవాల్సిందని చెప్పింది. మీ ప్రైవేటు సర్వేయర్ రిపోర్టు అసలు పనికొచ్చేది కూడా ఇక్కడే. ఈ పిటిషన్‌కు జతచేస్తే, తగాదా ఊహ కాదని మొదటి చూపులో జడ్జికి కనబడుతుంది.

కమిషనర్‌కు ఇచ్చే వర్క్ మెమో (ఏమేం చూడాలో, కొలవాలో రాసిన కాగితం) మీద పడాల్సినంత శ్రద్ధ పడదు. ‘ప్రతివాది ఆక్రమించాడో లేదో తేల్చాలి’ అని రాస్తే కొట్టేస్తారు, అది తేల్చేది కోర్టు. చూసింది, కొలిచింది రాయడం వరకే కమిషనర్ పని. మెమోలో ఇట్లా రాయండి: ‘వరస రెండు చివరల రాళ్లను గుర్తించి, వాటి మధ్య దూరం కొలవాలి. వాది ప్లాటు పడమటి హద్దు నుంచి ప్రతివాది పిల్లర్ల పడమటి ముఖానికి ముందు నుంచి వెనక్కి 0, 15, 30, 45 అడుగుల దగ్గర దూరాలు నోట్ చేయాలి. గుంత లోతును ప్రతి 10 అడుగులకు, వాది ఇంటి ప్లింత్ (గోడ కింద నేలపైకి కనబడే పునాది భాగం) పై అంచును ఆధారంగా పెట్టుకుని రాయాలి. గోడకూ గుంత అంచుకూ మధ్య దూరం రాయాలి. నెర్రెలను గది పేరు, గోడ దిక్కు, పొడవు, పైన వెడల్పు, కింద వెడల్పుతో స్కెచ్‌లో చూపాలి.’ సాయానికి మండల సర్వేయర్‌నూ, ఒక సివిల్ ఇంజినీర్‌నూ వెంట తీసుకెళ్లే అనుమతి అదే పిటిషన్‌లో అడగండి. ఖర్చు ముందు మీరే కట్టాలి.

కమిషనర్ రిపోర్టు అదే ఆర్డర్ 26లోని రూల్ 10 కింద నేరుగా రికార్డులో భాగమవుతుంది, దాన్ని విడిగా రుజువు చేయనక్కర లేదు. అవసరమైతే కోర్టు అనుమతితో కమిషనర్‌నే బోనెక్కించి ప్రశ్నించవచ్చు. మీకు నచ్చని రిపోర్టు వస్తే గడువులోగా అభ్యంతరాలు వేయాలి, ఊరుకుంటే ఒప్పుకున్నట్టే చూస్తారు. కొలతల రోజు రెండు వైపులా నోటీసు అందిందా, హాజరైనవాళ్ల సంతకాలున్నాయా అన్నది మీరే దగ్గరుండి చూసుకోండి. నోటీసు లేకుండా కొలిచారన్న ఒక్క సాకుతో మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది.

నెర్రెలకు వద్దాం. గోడ పగిలిందని కమిషనర్ రాస్తాడు, ఎందుకు పగిలిందో రాయలేడు. అది చెప్పేది ఇంజినీరే, భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్ కింద నిపుణుడిగా. ఈ చట్టం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది, అంతకు ముందే నడుస్తున్న కేసులకు పాత 1872 చట్టమే వర్తిస్తుంది. ‘తవ్వకం వల్లే నెర్రెలు వచ్చినవి’ అని ఒక్క ముక్క రాస్తే దానికి విలువ ఉండదు. నిపుణుడు కారణాలు, పరీక్షించిన పద్ధతి చూపాలని, అప్పుడే జడ్జి సొంతంగా తూచి చూడగలడని సుప్రీంకోర్టు చెప్పి ఉంది.

రిపోర్టులో కావాల్సిన కారణాలు ఇవి. గుంత వైపు పునాది దిగితే, గుంతకు లంబంగా ఉన్న గోడల్లో వాలు నెర్రెలు వస్తాయి. అవి పైన వెడల్పుగా, కిందికి సన్నబడుతూ ఉంటాయి. గదిలో నేల మీద గుంతకు సమాంతరంగా గీత పడుతుంది. స్లాబు కింద అడ్డంగా పోయే సన్న గీత ఎండకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల వచ్చేది, అది తూర్పాయన తప్పు కాదు. ప్లాస్టర్ మీది సాలెగూడు గీతలూ అంతే. పాత నెర్రె లోపల సున్నం, రంగు, దుమ్ము కనబడతాయి, కొత్తది లోపల ఇటుక రంగుతో శుభ్రంగా ఉంటుంది. ఇంజినీర్ పాతవాటిని కూడా నిజాయితీగా ‘పాతవి’ అని రాస్తేనే మిగతావి నమ్ముతారు. మీ పునాది అడుగు ఎంత లోతులో ఉందో కూడా తేలాలి. అది 4 అడుగుల లోతులో ఉండి, పక్కనే 9 అడుగుల దాకా సపోర్టు లేకుండా తవ్వితే, పునాది కింది మట్టికి పక్క ఆసరా పోయిందని చెప్పడానికి పెద్ద పరీక్షలేం అక్కర్లేదు. ఇటుక గోడలో నెర్రెకు రీబౌండ్ హ్యామర్ పరీక్షతో పని లేదు, అది కాంక్రీటు పైపొర గట్టిదనం చూసేది. ఎవరైనా దానికి డబ్బులడిగితే ఇవ్వకండి.

నెర్రె ఇంకా కదులుతోందా ఆగిందా అన్నది ముఖ్యం. నెర్రెకు అడ్డంగా చిన్న గాజుపలక రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, దాని మీద తేదీ రాయించండి. కదలిక ఉంటే పలక పగులుతుంది. ఇది ఇంజినీర్ చేతనే పెట్టించి, ఆయన నోట్‌బుక్‌లోనే వారం వారం రాయించాలి. బోనులో జ్ఞాపకం తెచ్చుకోవడానికి ఆయన ఆ నోట్‌బుక్ చూసుకోవచ్చు, అవతలి వకీలు కూడా దాన్ని అడిగి చూస్తాడు. తరవాత నీట్‌గా ఎత్తిరాసిన కాపీ వద్దు, మట్టి మరకలున్న అసలుదే ఉండనివ్వండి.

‘మీ ఇల్లు బలహీనంగా కట్టుకున్నారు, అందుకే పగిలింది’ అంటారు. ఇల్లు 20 ఏళ్లకు పైగా ఎవరి అడ్డూ లేకుండా పక్క నేల ఆసరాతో నిలబడితే ఆ ఆసరా మీద మీకు హక్కు వాదించవచ్చు. 1998 నాటి ఇంటి అనుమతి, మొదటి ఇంటి పన్ను రసీదు, కరెంటు కనెక్షన్ తేదీ ఇందుకు పనికొస్తాయి. అది కుదరకపోయినా, జాగ్రత్త లేకుండా తవ్వినందుకు నష్టపరిహారం విడిగా అడగవచ్చు.

ఫొటోల సంగతి. ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ తప్పదు. కొత్త చట్టంలో అది రెండు భాగాలు: ఒకటి మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, ఫైల్ హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి కోడ్) అందులో రాయాలి. అసలు ఫోనే కోర్టు ముందు పెట్టి రుజువు చేయవచ్చు గానీ ఏళ్ల తరబడి ఫోను వదులుకోవడం ఎవరికి కుదురుతుంది? వాట్సాప్‌లో వచ్చిన కాపీ వద్దు, అందులో తీసిన తేదీ, సమయం వివరాలు పోతాయి. తీసిన ఫోన్‌లోని అసలు ఫైల్ ఉంచండి, ఫోన్ మార్చేముందు హ్యాష్ తీయించండి. ఫొటోలో నెర్రె పక్కన స్కేలు పెట్టండి, అదే నెర్రెను దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తీయండి. దగ్గరిది ఒక్కటే ఉంటే అది ఎవరింటి గోడో చెప్పలేం.

మునిసిపాలిటీ వైపు ఒక పని చేయండి: అవతలి భవనం అనుమతి ప్లాను కాపీ సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. హద్దు నుంచి ఎంత వదలాలో అందులో గీసే ఉంటుంది. అసలు సెల్లార్‌కు అనుమతి ఉందా అన్నదీ తేలుతుంది. ప్లానుకు విరుద్ధంగా కట్టారని టౌన్ ప్లానింగ్ వాళ్లు రాసినా, దానితో మీ హద్దు రుజువైనట్టు కాదు. అనుమతి ఇచ్చారు కాబట్టి నేల ఆయనదే అని ఆయన వాదించినా అంతే.

తొందర అవసరం. పిల్లర్ల దశలో కోర్టుకు వెళ్తే పని ఆపడానికి, తీసేయించడానికి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 38, 39 సెక్షన్ల కింద అడగడానికి దారి ఉంటుంది. స్లాబు పడేదాకా చూస్తూ ఊరుకుంటే ‘ఇన్నాళ్లు ఏం చేశారు’ అని అడిగి, కూల్చమనే బదులు డబ్బు రూపంలో నష్టం ఇప్పించే వైపు కోర్టు మొగ్గవచ్చు.

ఈలోగా నెర్రెలు పూడ్పించకండి. గోడ పడేలా ఉంటే కర్రలు, జాకీలు పెట్టి ఆపండి. పూడ్చక తప్పని పరిస్థితి వస్తే తూర్పాయనకు లాయర్ నోటీసు పంపి, వారం గడువిచ్చి, వచ్చి చూసుకొమ్మనండి. తరవాత పూడ్పించినా ఒక్కో గోడలో ఒక అడుగు పొడవు నెర్రెను గాజుపలకతో సహా అట్లాగే వదిలేయండి.