జారిపడిన రివాల్వర్ పేలింది: పరిహారం ఎవరిని అడగాలి?

ప్రశ్న: లైసెన్సు ఉన్న మా నాన్నగారు 4 ఏళ్ల కిందట డీలరు దగ్గర .32 రివాల్వర్ కొన్నారు. 20 నెలల కిందట అది ఆయన నడుములోంచి జారి, మా రైసుమిల్లు సిమెంటు గచ్చు మీద పడి పేలింది. తూటా తొడలో దిగింది. మిల్లే ప్రాణంగా బతికిన మనిషి ఇప్పుడు మెట్లెక్కలేక, ఊళ్లో తలెత్తుకోలేక కుమిలిపోతున్నారు. పోలీసులు రివాల్వర్‌ను స్వాధీనం చేసుకుని కేసు పెట్టారు. ఆ కేసు తేలాక కంపెనీని అడుగుదామని ఆగాం. ప్రమాదానికి ముందు ఏడాది ట్రిగ్గర్ బిగుతుగా ఉందంటే తెలిసిన లేత్ మెకానిక్ లోపల కొంచెం అరగదీశాడు. ఆ పని లైసెన్సున్న దుకాణంలో చేయించినట్టు పాత తేదీతో బిల్లు తెచ్చుకోవచ్చా?
– నిజామాబాద్ జిల్లా పాఠకుడు

జవాబు: మీ కేసును తేల్చేది మీరు చివర్లో ముక్తసరిగా రాసిన ఆ లేత్ మెకానిక్ సంగతే. ఆయుధాల చట్టం, 1959 సెక్షన్ 5 ప్రకారం తుపాకీ మరమ్మతు లైసెన్సున్నవారే చేయాలి. లైసెన్సు తీసుకున్న ఇంట్లో ఆ మాత్రం తెలుసుకోకపోవడం చిన్న పొరపాటు కాదు.

వస్తువును మార్చి ఉంటే అమ్మినవారిపై ఉత్పత్తి బాధ్యత దావా (లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం కోరే దావా) నిలవదని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 87 చెబుతోంది కనుక డీలరుపై ఆశ పెట్టుకోకండి. తయారీదారు సంగతి వేరు. సెక్షన్ 84 కింద రూపకల్పనలోనో తయారీలోనో లోపం ఉందనీ, హాని దానివల్లే జరిగిందనీ చూపగలిగితే దావాకు బలం ఉంటుంది.

ఎత్తిపెట్టిన హ్యామర్ (తూటాను కొట్టి పేల్చే సుత్తి లాంటి భాగం), దాన్ని పట్టి ఉంచే అంచు అరిగినందువల్ల జారి ఉంటే, తప్పు మెకానిక్ మీదికి పోతుంది. అలాకాక హ్యామర్ దించే ఉండి, గచ్చు దెబ్బ నేరుగా దాని మీదే పడి ఎదుటి గదిలోని (రివాల్వర్‌లో తూటా పెట్టే అర) తూటా పేలి ఉంటే, ఆ దెబ్బను అడ్డుకోవలసిన భాగం ఆ రివాల్వర్‌లో లేదనో, పనిచేయలేదనో వాదించవచ్చు. అయితే అరగదీత ఆ భాగాన్ని తాకలేదని నిపుణుడు చెప్పాలి. హ్యామర్ తోక మీద గీరుకున్న మచ్చ, గచ్చు మీద పడిన నొక్కు, తూటా కింది నుంచి పైకి వెళ్లినట్టు చూపే ఆసుపత్రి రికార్డు ఇక్కడ మీ సాక్ష్యాలు. గచ్చుకు మళ్లీ సిమెంటు పూయించకముందే ఫొటోలు తీయించండి.

ఫోరెన్సిక్ ల్యాబును పోలీసులు మామూలుగా అడిగేది ఆయుధం పనిచేస్తుందా అని; అది మీకు చాలదు. ట్రిగ్గర్ నొక్కకుండా హ్యామర్ మీద దెబ్బ తగిలితే పేలుతుందా, ఏ భాగం అరిగింది అనే ప్రశ్నలతో పరీక్షకు పంపమని వినియోగదారుల కమిషన్‌ను వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద కోరండి. అంతవరకు రివాల్వర్‌ను కోర్టు నుంచి విడిపించుకోవద్దు, ఎవరి చేతా విప్పించవద్దు.

ఇక గడువు. అదే చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు 2 ఏళ్లే. గాయమైన రోజు నుంచి లెక్కిస్తే మీకు మిగిలింది 4 నెలలు. క్రిమినల్ కేసు నడుస్తోందని ఈ గడియారం ఆగదు. ఆలస్యాన్ని మన్నించమన్నా అది తగిన కారణం అనిపించుకోవడం కష్టం. మీరు ఇన్నాళ్లు ఊరికే కూర్చోవడం నాకు బాధ కలిగిస్తోంది.

పాత తేదీ బిల్లు జోలికి అసలు పోవద్దు. లైసెన్సున్న మరమ్మతుదారు రిజిస్టరు రాయాలి. అందులో మీ పని ఉండదు. కమిషన్ విచారణ న్యాయ విచారణే కనుక, దొంగ సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద 7 ఏళ్ల వరకు జైలు శిక్ష ఉంది. నిజమే చెప్పండి, కానీ కమిషన్‌కు ఇచ్చే అఫిడవిట్ మీద సంతకం పెట్టే ముందు దాన్ని మీ క్రిమినల్ లాయరుకు చూపించండి, ఎందుకంటే అందులోని ప్రతి మాటా ఆ కేసులోకీ వస్తుంది.

నాన్నగారు హోల్‌స్టర్ లేకుండా నడుములో దోపుకున్నారా, అన్ని గదులూ నింపారా అని ఎదుటి పక్షం తప్పక అడుగుతుంది. దెబ్బను ఆపే అడ్డు లేని పాతతరహా రివాల్వర్లలో హ్యామర్ ఎదుటి గదిని ఖాళీగా ఉంచడం అందరూ పాటించవలసిన పద్ధతి. ఈ హెచ్చరిక రివాల్వర్‌తో పాటు ఇచ్చిన సూచనల పుస్తకంలో ఉంటే పరిహారం తగ్గవచ్చు. లేకపోతే హెచ్చరించకపోవడమే సెక్షన్ 84 కింద మీకు మరో ఆధారం. కాబట్టి ఆ పుస్తకాన్నీ కొనుగోలు బిల్లునూ ఈ రోజే వెతికి, ఈ వారంలోనే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసే ఏర్పాటు చేసుకోండి.